తుపాకిమందు కొమ్ము ఇంట్లో చేసుకోవడం ఎలా?

మందుకొమ్ము, అంటే తుపాకిమందు పోసుకునే కొమ్ము పాత్ర గురించి నన్ను అడిగేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టినా చివరికి మూడు ప్రశ్నల దగ్గరికే వస్తారు. కొమ్ములోని ఎముక ఊడిరావడం లేదు, ఏం చేయాలి? కొసన వేసిన రంధ్రం పక్కనుంచి బయటికి వచ్చేసింది, ఇక కొమ్ము పారేయాల్సిందేనా? అడుగున (వెడల్పు చివర) చెక్క బిగుతుగానే కొట్టాను, రెండు నెలలకే గలగలలాడుతోంది, ఎందుకు? ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పలేక పని మొత్తం వరసగా ఇక్కడ రాస్తున్నాను. మూడో ప్రశ్నకు జవాబు మాత్రం ముందే చెప్పేస్తాను. తప్పు కొట్టడంలో లేదు, కొమ్మో చెక్కో ఆరకముందే మీరు బిగించేశారు. ఈ పనిలో చేతులతో చేసేది నాలుగైదు పూటలే. మిగతాదంతా ఆరేదాకా ఆగడం.

తూటాలు రాకముందు తుపాకి గొట్టంలో మందు వేరుగా, గుండు వేరుగా వేసి దట్టించేవారు. ఆ పొడి తడవకుండా నడుముకు తగిలించుకుని తిరగడానికి పుట్టిన పాత్ర ఇది. కొమ్ము తేలిక, నీరు దిగదు, దేనికి తగిలినా నిప్పురవ్వ రాలదు. లేతరంగు కొమ్మైతే వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపల పొడి ఎంతవరకు ఉందో నీడలా కనిపిస్తుంది కూడా. 18వ శతాబ్దంలో ఉత్తర అమెరికా సైనికులు కోటలనూ నదుల దారులనూ చెక్కుకున్న కొమ్ములు ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. మొగలుల కాలంలో బారుద్‌దాన్‌లను, అంటే మందు పాత్రలను, కొమ్ముతోనే కాక దంతంతో, చెక్కతో, లోహంతో కూడా చేశారు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇక్కడ చేసేది ఖాళీ పాత్ర మాత్రమే. తుపాకిమందు కొనడానికి, ఉంచుకోవడానికి చాలా దేశాల్లో అనుమతి కావాలి, దాని జోలికి నేను పోవడం లేదు. నాకు తెలిసి ఈ కొమ్మును చేసేవాళ్ళలో ఎక్కువమంది గోడకు తగిలించడానికో, నాటకంలో వాడుకోవడానికో చేస్తారు. అన్నట్టు, పొడి నల్లగా ఉంటుంది కదా అని దాన్ని ‘నల్లమందు’ అనకండి. ఆ పేరుతో అడిగితే మీకు దొరికేది వేరు, దొరికాక పడే శిక్ష కూడా వేరు.

కొమ్మును ఎంచుకోవడం

ఆవు, ఎద్దు కొమ్ములు అన్నిటికంటే అనువైనవి. గోడ పలచగా, గుండ్రంగా ఉంటుంది, గీకిన కొద్దీ వెలుతురు పారుతుంది. గేదె కొమ్ము నల్లగా, బరువుగా, పలకలుగా ఉంటుంది. దాన్ని గుండ్రం చేయాలని పంతం పట్టకండి, దాని ఆకారంలోనే వదిలేసి అడుగు చెక్కను అలాగే కోసుకోవచ్చు. మేక, గొర్రె కొమ్ములు చిన్న పాత్రలకు సరిపోతాయి. జింక కొమ్ము మాత్రం పనికిరాదు. అది లోపల గుల్లగా ఉండదు, మొత్తం ఎముకే. పైగా అడవి జంతువుల కొమ్ములు ఇంట్లో ఉండటమే కొన్నిచోట్ల నేరం. అంతరించిపోతున్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం 1975 నుంచి అమల్లో ఉంది, ముచ్చటపడి కొన్న కొమ్ము దేశం దాటేటప్పుడు చిక్కు తెచ్చిపెట్టవచ్చు. పెంపుడు పశువుల కొమ్ముతోనే సరిపెట్టుకోండి.

ఆ పశువు ఎలా పోయిందో తెలియని కొమ్మును, పొలంలో పడి ఉన్నదాన్ని తీసుకోవద్దు. ఆంత్రాక్స్, అంటే దొమ్మ రోగంతో చనిపోయిన పశువు శరీరభాగాల్లో ఆ సూక్ష్మజీవి ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది. మనం చేయబోయే పనేమో దాన్ని పొడిచేసి గాల్లోకి లేపడం! శుభ్రం చేసి అమ్మే కొమ్ము దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే మేలు.

కొలతల సంగతి. బయటి వంపు వెంట 30 నుంచి 35 సెంటీమీటర్లు, అడుగు అడ్డకొలత 6 నుంచి 7 సెంటీమీటర్లు ఉంటే మొదటి ప్రయత్నానికి బాగుంటుంది. లోపలి గుల్ల 19 సెంటీమీటర్ల లోతు, అడుగున లోపలి వెడల్పు 5.5 సెంటీమీటర్లు ఉన్న కొమ్ములో సుమారు 150 మిల్లీలీటర్లు పడుతుంది. చూడటానికి పెద్దగా ఉన్నా కొసవైపు సన్నబడిపోతుంది కాబట్టి అంతే.

కొనేముందు రెండు పనులు చేయండి. వేలి కణుపుతో తట్టి చూడండి. మంచి కొమ్ము ఖంగుమంటుంది, పగులున్నది పగిలిన కుండలా బొంగురుగా పలుకుతుంది. తర్వాత నడుము పక్కన పెట్టుకుని చూడండి. కొమ్ము వంపు మీ ఒంటి వంపుతో కలిసిపోవాలి, కొస ముందుకు, కొంచెం పైకి ఉండాలి. కొస పొట్టలోకి గుచ్చుకుంటున్నా, బయటికి పొడుచుకొస్తున్నా అది రెండో పక్క కొమ్ము అన్నమాట. కుడి, ఎడమ తేడా చెప్పుల్లాగే కొమ్ములకూ ఉంటుంది.

కావలసినవి

సన్నపళ్ళ రంపం, చేతి బర్మా లేదా వేగం తగ్గించుకోగల డ్రిల్లు, 3, 5, 6 మిల్లీమీటర్ల మొనలు, ముతక ఆకురాయి ఒకటి, నున్న ఆకురాయి ఒకటి, 80 నుంచి 600 అంకె వరకు గరుకు కాగితాలు. కొమ్మును పట్టి ఉంచడానికి వైసు, దాని దవడల మధ్య పెట్టడానికి చెక్కముక్కలు, పాత గుడ్డ. వంటకు మళ్ళీ వాడని పెద్ద గిన్నె. గట్టిగా వంచినా విరగని సన్న తీగ. అడుగుకు బాగా ఎండిన గట్టి చెక్క, 20 మిల్లీమీటర్ల మందం ఉన్నది. ఇత్తడి మేకులు లేదా వెదురు చీలలు. తేనెమైనం. ముక్కుకు దుమ్మును ఆపే మాస్కు, కళ్ళకు అద్దాలు. చివరి రెండూ ఉంటే మంచిదని కాదు, అవి లేకపోతే పని మొదలుపెట్టకండి. కొమ్ము రజను చాలా మెత్తగా లేస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే హాని చేస్తుంది. ఇనుప మేకులు మాత్రం వాడొద్దు. తుప్పు పడతాయి, రవ్వ రాల్చే లోహానికి ఈ పాత్రలో చోటే లేదు.

పని వరస

1. ఎముక తీయడం. శుభ్రం చేసిన కొమ్మైతే ఈ అంకె దాటేయండి. లేకపోతే పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి, కొమ్ము అడుగుభాగం మునిగేలా పెట్టి ముప్పావు గంట నుంచి గంట ఉడికించండి. ఆరుబయట చేయండి, లేదంటే ఇంట్లోవాళ్ళు మీతో వారం మాట్లాడరు. కొమ్మునూ ఎముకనూ కలిపి ఉంచే పొర మెత్తబడగానే, మందపాటి చేతిగుడ్డలతో కొమ్మును ఒక చేత్తో, ఎముకను పట్టుకారుతో పట్టుకుని మెలితిప్పుతూ లాగాలి. రాకపోతే ఇంకో అరగంట ఉడికించండి. ఉలి పెట్టి పెకలించకండి, అంచు బీటవేస్తుంది. తొందర లేనివాళ్ళు నీళ్ళ బకెట్‌లో మూడు నాలుగు వారాలు నానబెట్టినా ఎముక దానంతట అదే జారిపోతుంది. వాసన సంగతి మాత్రం నన్ను అడగొద్దు.

2. కడగడం, ఆరబెట్టడం. లోపల మిగిలిన పొరను తీగకు కట్టిన గరుకు గుడ్డతో గీకి, సబ్బునీళ్ళతో కడిగి, గాలి ఆడే నీడలో పెట్టండి. ఎండలో పెడితే పైపొర ముందు ఆరి, లోపలి పొర తడిగా ఉండి, కొమ్ము చీలుతుంది. ఎన్నాళ్ళు ఆరాలి? ‘పదిరోజులు’ అని చెప్పడం తేలిక, కానీ వానాకాలంలో పది, ఎండాకాలంలో పది ఒకటి కావు. చిన్న తూకంయంత్రం ఉంటే రోజూ ఒకే వేళకు తూచి కాగితం మీద రాసుకోండి. వరసగా మూడు రోజులు బరువు మారకపోతే ఆరినట్టు. చేయి పెట్టి చూసి ‘పొడిగానే ఉంది’ అనుకోవడం అందరూ చేసే మొదటి తప్పు. కొమ్ము పైన పొడిగా ఉండి లోపల తేమ దాచుకుంటుంది.

3. గుల్ల ఎక్కడిదాకా ఉందో కొలవడం. తీగను కొమ్ము వంపుకు తగ్గట్టు కొంచెం వంచి, అడుగునుంచి లోపలికి తోయండి. ఆగినచోట అంచు దగ్గర తీగ మీద గుర్తు పెట్టి బయటికి తీయండి. అదే తీగను కొమ్ము పక్కన ఆనించి, కొన ఎక్కడికి వచ్చిందో బయట పెన్సిల్‌తో గీత గీయండి. ఆ గీత దాటాక కొసవరకు ఉన్నదంతా గట్టి కొమ్ము. 32 సెంటీమీటర్ల కొమ్ములో తీగ 19 దాకా పోయిందనుకుందాం, అంటే 13 గట్టిది. అందులో కొసనుంచి 8 కోసేసి, మిగిలిన 5 సెంటీమీటర్లలో రంధ్రం వేయాలి. కోసిన ముక్కను పారేయకండి, దానితో పనుంది.

4. రంధ్రం. కొమ్ములు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం. కొమ్ము వంకర, బర్మా మొన తిన్నన. ఎక్కువ పొడవు తొలచాలనుకుంటే మొన వంపు బయటి గోడను చీల్చుకుని వచ్చేస్తుంది. అందుకే గట్టిభాగం 5 సెంటీమీటర్లకు మించి ఉంచొద్దన్నాను.

కోసిన కొసను ఆకురాయితో నున్నగా రాసి, మధ్యలో చిన్న గుంట పెట్టండి. గుల్ల మొదలయ్యే గీత దగ్గర కొమ్ము మధ్యభాగం ఎక్కడుందో చూసి, అక్కడికి కొసనుంచి ఒక తిన్నని గీత కొమ్ము పైభాగాన, ఇంకొకటి పక్కభాగాన గీయండి. బర్మా మొన ఈ రెండు గీతలకూ సమాంతరంగా పోవాలి. మీరు పైనుంచి చూస్తుంటే, ఇంకొకరు పక్కనుంచి చూస్తూ ‘కొంచెం ఎత్తు, కొంచెం దించు’ అని చెబితే సగం గండం గడిచినట్టే. ముందు 3 మిల్లీమీటర్ల మొనతో నెమ్మదిగా వెళ్ళండి. ప్రతి అర సెంటీమీటరుకూ మొన బయటికి తీసి రజను దులపండి. దులపకపోతే రజను వేడెక్కి మొనకు అతుక్కుంటుంది. వెంట్రుకలు కాలిన కమురు వాసన వస్తే వేగం ఎక్కువైనట్టు, వెంటనే ఆపి చల్లారనివ్వండి. గుల్లలోకి చేరగానే చేతికి ఎదురు హఠాత్తుగా పోతుంది. ఆ క్షణంలో చేయి తేలిక చేయకపోతే మొన ముందుకు దూసుకెళ్ళి లోపలి గోడను గాయపరుస్తుంది. దారి పడ్డాక 5, ఆ తర్వాత 6 మొనలతో వెడల్పు చేయండి.

రంధ్రం సరిగ్గా మధ్యలో రాలేదని కంగారు పడకండి. మెడను (రంధ్రం ఉన్న కొసభాగాన్ని) ఇంకా రాయలేదు కదా, రంధ్రం చుట్టూ గోడ సమానంగా మిగిలేలా రాసుకుంటే అదే మధ్య అవుతుంది. ముందు మెడను అందంగా రాసుకుని తర్వాత రంధ్రం వేసేవాళ్ళకు ఈ వెసులుబాటు ఉండదు. నా మొదటి కొమ్ము మెడను రెండు సాయంత్రాలు కూర్చుని దీక్షగా నునుపు చేశాను, మూడో సాయంత్రం బర్మా మొన దాని పక్కనుంచి తల బయటపెట్టి చూసింది.

మొన పక్కకు వచ్చేసినా అంతా పోయినట్టు కాదు. బయటపడినచోటు కొసకు దగ్గరగా ఉంటే అక్కడికి కోసేసి మెడను పొట్టి చేసుకోండి. కిందికి ఉంటే కొమ్ము రజనును ఎపాక్సీ జిగురులో కలిపి పూడ్చి, ఆరాక రాసేయండి. దాని మీదుగా తాడు కట్టే గాడి వచ్చేలా చూసుకుంటే ఎవరికీ కనబడదు.

5. అడుగును గుండ్రం చేయడం. ముందు అడుగు అంచును తిన్నగా కోయండి. వెడల్పు కాగితపు పట్టీని కొమ్ము చుట్టూ చుట్టి, దాని అంచు వెంట గీత గీస్తే వంకర రాదు. బీటలు వేసిన పలచని అంచును మొహమాటం లేకుండా తీసేయండి. ఇప్పుడు ఒక చెక్కమొద్దును బొంగరం ఆకారంలో చెక్కుకోవాలి. ఒకవైపు 5 సెంటీమీటర్లు, రెండోవైపు 7, పొడవు 10. కొమ్ము అడుగుభాగం 5, 6 సెంటీమీటర్లు మరుగుతున్న నీళ్ళలో మునిగేలా అరగంట ఉంచి, తీసిన వెంటనే మొద్దును లోపలికి తోసి చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. మెత్తగా ఉండే సమయం నిమిషం కూడా ఉండదు. బిగుసుకుంటే బలం ఉపయోగించకుండా మళ్ళీ నీళ్ళలో పెట్టండి. మూడు నాలుగు సార్లు పెట్టాల్సి రావచ్చు, తప్పేమీ లేదు.

కాగే నూనెలో ముంచితే క్షణాల్లో మెత్తబడుతుందని చెప్పేవాళ్ళున్నారు, నిజమే. కానీ నూనె నీళ్ళకంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. తడి కొమ్ము అందులో పడితే చిమ్ముతుంది, రెండు క్షణాలు ఎక్కువైతే కొమ్ము బుడగలు లేచి పెళుసైపోతుంది. నీళ్ళు మరిగే వేడిని దాటవు కాబట్టి మీరు ఏమరినా కొమ్ము మాడదు. ఇంట్లో చేసుకునేవాళ్ళకు నీళ్ళే చాలు.

మొద్దును అలాగే ఉంచి కొమ్మును ఆరబెట్టండి. మళ్ళీ తూకం, మళ్ళీ మూడు రోజుల లెక్క. మొద్దు తీసేస్తే కొమ్ము తన పాత ఆకారానికి కొంత జారిపోతుంది. ఇక్కడ ఓపిక పట్టనివాళ్ళే రెండు నెలల తర్వాత నాకు చెక్క ఊడిందని రాస్తారు. తడి కొమ్ము ఆరుతూ కుంచించుకుంటుంది, చెక్క ఒత్తిడి తట్టుకోలేక అంచు చీలుతుంది. చెక్క పచ్చిదైతే అది కుంచించుకుని వదులవుతుంది. రెండూ ఆరాక కలిపితే రెండు బాధలూ ఉండవు.

6. అడుగు చెక్క. ఆరిన కొమ్మును కాగితం మీద నిలబెట్టి లోపలి అంచు వెంట గీసుకోండి. ఆ గీతకంటే ఒక మిల్లీమీటరు పెద్దగా చెక్కను కోసి, కొద్దిగా ఏటవాలుగా రాయండి. లోపలికి వెళ్ళే వైపు సన్నగా, బయటివైపు లావుగా ఉండాలి. ఎక్కడ ఎత్తుగా ఉందో కంటితో తెలియదు. కొమ్ము లోపలి అంచుకు సుద్ద రాసి, చెక్కను దించి, ఒకసారి తిప్పి తీయండి. చెక్కమీద సుద్ద అంటినచోట మాత్రమే రాయండి. మళ్ళీ దించండి. ఇలా పదిసార్లు చేయాల్సి వస్తుంది. సుద్ద గీత చుట్టూ తెగకుండా ఒకేలా పడినప్పుడు సరిపోయినట్టు. గేదె కొమ్ముకైనా ఇదే పద్ధతి, ఆకారం గుండ్రంగా కాకుండా ఉంటుంది, అంతే.

లోపల దులిపి, రజను లేకుండా తుడిచాక, చెక్క అంచుకు కరిగించిన తేనెమైనం రాసి దించి కొట్టండి. మైనం సుమారు 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి నేరుగా మంటమీద పెట్టకుండా వేడినీళ్ళ గిన్నెలో చిన్న గిన్నె పెట్టి కరిగించండి. అందులో కొంచెం గుగ్గిలం కలిపితే ఇంకా గట్టిగా పడుతుంది. ఎపాక్సీ జిగురు వాడవచ్చా అని అడుగుతారు. వాడవచ్చు. కానీ చెక్క, కొమ్ము వాతావరణాన్ని బట్టి వేరువేరుగా ఉబ్బుతాయి, కుంచించుకుంటాయి. మైనం వాటితో కలిసి సాగుతుంది, గట్టి జిగురు ఏదో ఒకవైపు వదిలేస్తుంది. తర్వాత బాగుచేసుకోవాలన్నా మైనమే నయం.

ఇక చీలలు. అంచుకు 7, 8 మిల్లీమీటర్ల లోపల, చుట్టూ సమాన దూరంలో ఆరు లేదా ఎనిమిది గుర్తులు పెట్టి, కొమ్ము గుండా చెక్కలోకి ముందుగా సన్న రంధ్రాలు వేయండి. రంధ్రం లేకుండా మేకు కొడితే కొమ్ము పొడవునా చీలుతుంది, ఇందులో రెండో మాట లేదు. ఒకటి కొట్టాక దాని ఎదుటిది కొట్టండి. వెదురు చీలలైతే కొట్టి, మిగిలినది కోసి, రాసేయండి. చెక్క మధ్యలో తాడు కట్టడానికి ఒక చిన్న గుబ్బ మలుచుకుంటే ఇప్పుడే చేసుకోవాలి.

7. పైభాగం. ముతక ఆకురాయితో పొడవునా రాయండి, అడ్డంగా రాస్తే గీతలు లోతుగా పడి చివరిదాకా వేధిస్తాయి. ఎక్కడ ఆపాలి? లేతరంగు కొమ్మును దీపానికి ఎదురుగా పెడితే పలచబడినచోట తేనెరంగు వెలుగు కనిపిస్తుంది. మచ్చలు మచ్చలుగా వెలిగితే గోడ ఎగుడుదిగుడుగా ఉన్నట్టు. అంతటా 2 నుంచి 3 మిల్లీమీటర్లు మిగలాలి. నల్ల కొమ్ములో ఈ పరీక్ష పనిచేయదు. బొటనవేలితో నొక్కి చూడండి, ఏ మాత్రం లొంగినట్టు అనిపించినా అక్కడ ఇక రాయకండి. మెడ దగ్గర ఒక ఉంగరంలాంటి గట్టును వదిలేసి దాని కింద గాడి తీస్తే తాడు జారదు. రంధ్రం చుట్టూ కనీసం 3 మిల్లీమీటర్ల గోడ ఉండాలి.

ఆ తర్వాత గరుకు కాగితాలు 80, 120, 220, 400, 600 వరసలో. ఒక అంకె దాటేస్తే పాత గీతలు మెరుగు పెట్టాకే బయటపడతాయి, అప్పుడు వెనక్కి రాక తప్పదు. 220 నుంచి తడిపి రాయండి, దుమ్ము లేవదు. కానీ నీళ్ళు అడుగు అతుకు దగ్గర నిలవనివ్వకండి, రాసిన వెంటనే తుడిచేయండి. చివర్లో మెత్తని గుడ్డమీద సుద్దపొడి, ఒక చుక్క నూనె వేసి రుద్దితే మెరుపు వస్తుంది. బొమ్మలు గీయాలనుకునేవాళ్ళు ఈ దశలో సూదిమొనతో గీసి, దీపపు మసిని నూనెలో కలిపి గీతల్లో రుద్ది తుడిచేయాలి. లేతరంగు కొమ్ముమీదే అది కనిపిస్తుంది.

8. బిరడా. వీణ తీగను బిగించే బిరడా చూశారా? మరలూ, జిగురూ ఏమీ లేకుండా, కొద్దిపాటి ఏటవాలుతో రంధ్రంలో ఒరుసుకుని నిలబడుతుంది. ఇక్కడా అదే. పాత ఫిడేలు బిరడాలను మందుకొమ్ములకు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు, పాతది దొరికితే మీరూ వాడుకోవచ్చు. చెక్కుకునేట్టయితే గట్టి చెక్కను 30 మిల్లీమీటర్ల పొడవుకు ఒక్క మిల్లీమీటరు సన్నబడేలా రాయండి. అంతకంటే ఏటవాలు ఎక్కువైతే బిరడా అంచు దగ్గరే పట్టుకుని చిన్న కుదుపుకే ఊడుతుంది. సుద్ద పరీక్ష ఇక్కడ కూడా చేయండి. కనీసం 15 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. తలకు రంధ్రం పెట్టి దారంతో మెడకు కట్టేయండి, లేకపోతే మొదటి వారంలోనే పోగొట్టుకుంటారు.

సరిగ్గా వచ్చిందా?

కొమ్ములో నీళ్ళు పోసి కారుతుందో లేదో చూసేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. చెక్క నీళ్ళు తాగి ఉబ్బి అప్పటికి సందు మూసుకుంటుంది, మీరు సంతోషిస్తారు. ఆరాక సందు మళ్ళీ తెరుచుకుంటుంది.

బదులుగా అడుగు అతుకు చుట్టూ సబ్బు నురగ వేలితో పూసి, మెడ దగ్గర నోరు పెట్టి గట్టిగా ఊదండి. బుడగ లేచినచోట గాలి పోతోంది. అక్కడ తుడిచి, కొమ్మును గోరువెచ్చగా చేసి మైనం రుద్దండి. రెండోది, లోపల మూడోవంతు మెత్తని సుద్దపొడి పోసి, బిరడా పెట్టి, నల్లగుడ్డమీద తలకిందులుగా, అడ్డంగా, అన్నివైపులా ఒక నిమిషం కుదపండి. గుడ్డమీద తెల్లటి చుక్క పడకూడదు. ఊది చూసినప్పుడు తెలియని బిరడా లోపం దీనిలో తెలుస్తుంది. తర్వాత పొడినంతా మెడలోంచి దులిపేయండి.

మూడోది తేమ పరీక్ష. నీలిరంగు సిలికా జెల్ గుళికలు నాలుగు లోపల వేసి బిరడా పెట్టి, స్నానాలగదిలో రెండు రోజులు ఉంచండి. తేమ తగిలితే అవి గులాబీరంగులోకి మారతాయి. పక్కనే నాలుగు గుళికలు బయట పెడితే పోల్చుకోవడం తేలిక. లోపలివి నీలంగానే ఉంటే మీ పని నెగ్గింది. గుళికలు తీసేసి, పూర్తయిన కొమ్మును ఒకసారి తూచి ఆ అంకెను కూడా మీ కాగితం మీద రాసుకోండి.

మిగిలిన కొస, మరి కొన్ని జాగ్రత్తలు

దాచమన్న 8 సెంటీమీటర్ల కొసను వెడల్పు వైపునుంచి తొలిచి కొలపాత్ర చేసుకోండి. ఇది అలంకారం కాదు. లైసెన్సు ఉండి పాతకాలపు తుపాకి కాల్చేవాళ్ళు కొమ్ములోంచి నేరుగా గొట్టంలో ఎప్పుడూ పోయరు. గొట్టంలో కనబడని నిప్పుకణం ఒక్కటి మిగిలి ఉన్నా మంట చేతిలోని కొమ్ముదాకా పాకుతుంది. ముందు కొలపాత్రలోకి, కొమ్మును మూసి పక్కన పెట్టాక గొట్టంలోకి. అదే కారణంతో, మందు ఒకసారైనా పోసిన కొమ్మును, ముఖ్యంగా పాత వస్తువుల దుకాణంలో కొన్నదాన్ని, వేడి చేయడం, బర్మా పెట్టడం చేయొద్దు. చెక్క సందుల్లో పొడి మిగిలి ఉండవచ్చు.

కొమ్ముకు పెద్ద శత్రువు పురుగు. గోళ్ళు, వెంట్రుకలు, ఉన్ని దేనితో తయారవుతాయో కొమ్ము కూడా అదే కెరటిన్‌తో తయారైంది, ఉన్నిని తినే పురుగులకు ఇదీ ఆహారమే. పెట్టెలో చీకట్లో దాచి మరిచిపోతే ఒకరోజు మెత్తని పొడి, సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. వెలుతురు తగిలేచోట వేలాడదీసి, అప్పుడప్పుడు చేతిలోకి తీసుకుని తుడవండి. పైన పలచగా మైనం రాస్తే చాలు, వంటనూనె రాయకండి, కొన్నాళ్ళకు జిగటై కంపు కొడుతుంది. లోపల ఏమీ రాయొద్దు.

మొదటి ఏడాది ఋతువు మారినప్పుడల్లా ఒకసారి అడుగు చీలలను గోటితో తాకి చూడండి. ఏదైనా తల పైకి లేచి ఉంటే కొట్టేయకండి. ముందు కొమ్మును తూచి, మీ పాత కాగితంలోని చివరి అంకెతో పోల్చండి. బరువు పెరిగి ఉంటే అది తేమ తాగింది, నీడలో వారం ఆరనిచ్చి చీలను మళ్ళీ చూడండి. బరువు అంతే ఉంటే చీల తీసి, కొంచెం లావుపాటిది మైనంలో ముంచి పెట్టండి.